ఆ వీధి సైరన్ ఎందుకు మోగలేదు

మరిది నిచ్చెన పట్టుకుని ఊపుతుంటే ఆమె పాపను భుజాన వేసుకుని చూస్తోంది. పైన సైరన్ మెకానిక్ స్తంభాన్ని కరుచుకుని ఉన్నాడు. కింద వీధి వీధంతా బురదలో నిలబడి, అతను దిగితే చాలు నమిలి మింగేసేలా చూస్తోంది.

నిన్న మధ్యాహ్నం సముద్రం ఊరి మీద పడింది. హెచ్చరిక ముందే వచ్చింది. రేవు దగ్గర, బజారులో సైరన్లు చెవులు చిల్లులు పడేలా మోగాయి. అక్కడివాళ్ళు గుట్టెక్కి బతికారు. ఒడ్డు చివరనున్న ఈ వీధిలో మాత్రం కునుకు తీస్తున్నవాళ్ళు కునుకులోనే పోయారు. పాపకు టీకా వేయించడానికి గుట్ట మీది ఆసుపత్రికి వెళ్ళింది కాబట్టి ఆమె మిగిలింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న ఆమె భర్త మిగల్లేదు.

నిన్న సైరన్ మోటారు తిరిగిందని, తిరిగినట్టు ఆఫీసులో దీపం కూడా వెలిగిందని మెకానిక్ పైనుంచి ఒకటే మొత్తుకుంటున్నాడు. వినే నాథుడు లేడు. వారం వారం సైరన్ పరీక్షించడానికి వచ్చినప్పుడల్లా ఆమె భర్త అతన్ని ఆటపట్టించేవాడు. "ఇంట్లో పిన్ని అరుపులు చాలవా బాబాయ్, మాకూ ఇదొకటి తగిలించావు?"

మెకానిక్ సైరన్ బూరలోకి చెయ్యి దూర్చాడు. ఏదో తగిలింది. బలంగా లాగాడు. తడి గుడ్డ ముద్ద ఒకటి బురదలో పడింది.

అత్తగారు వంగి తీసింది. నీలం బొంత. అంచు చుట్టూ పసుపు దారం.

కోడలు దాన్ని గుర్తుపట్టింది. కడుపుతో ఉన్నప్పుడు ఆ దారం కుట్టింది తనే. పాప పుట్టాక సైరన్ పరీక్షించిన ప్రతిసారీ బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టేది. నిద్రలేక తనూ ఏడ్చేది. కిందటి వారం మెకానిక్ రాకుండా ఆఫీసు నుంచే పరీక్షించినప్పుడు సైరన్ ఏదో మూలుగులా వినిపించి ఊరుకుంది. "నేను మాట్లాడాన్లే, హాయిగా పడుకో," అన్నాడు భర్త. తీగ మీది బొంత గాలికి ఎగిరిపోయిందని కూడా అన్నాడు. తను హాయిగానే పడుకుంది.

"చూశారా, గోలగా ఉందని మనం తిడుతున్నామని వీడే కుక్కాడు," అంటూ మరిది నిచ్చెన లాగేశాడు. మెకానిక్ కాళ్ళు గాల్లో తేలాయి.

అత్తగారు బొంతను కొంగులో దాచేసి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆవిడకీ తెలిసిపోయింది.

"నా కొడుకుని మళ్ళీ చంపకు తల్లీ," అంది గొంతులోనే.

బడి వరండాలో ఆయన శవం పక్కనే ఎదురింటి పిల్లలిద్దర్నీ పడుకోబెట్టారు. వాళ్ళ నాన్న ఇక్కడే ఉన్నాడు, చేతిలో రాయితో. సాయంత్రం ఆయన్ని మోయడానికి వస్తానన్నది కూడా అతనే. నిజం తెలిస్తే ఒక్కరూ భుజం పట్టరు. రేపు ఈ వీధిలో పాప తలెత్తుకుని తిరగలేదు.

పైన మెకానిక్ చెయ్యి జారుతోంది.

ఆమె అత్తగారి కొంగులోంచి బొంత లాగింది.

"నిచ్చెన వెయ్యి. అతనేం చెయ్యలేదు. ఇది మా పాప బొంత."

మరిది బిత్తరపోయాడు. నిచ్చెన మళ్ళీ స్తంభానికి ఆనింది. మెకానిక్ కాళ్ళకు మెట్టు దొరికింది.

"మరి పైకెక్కి కుక్కిందెవరు వదినా?"

ఆమె భుజం మీద పాప ఒకసారి కదిలి మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

"మీ అన్నయ్య."