బంతిలో నెయ్యి చెంబు

మా సింధూజకు పుణెలో ఉద్యోగం దొరికిందని తెలిసిన రోజున మా ఇంట్లో మిఠాయి పంచలేదు. ఆ ఉద్యోగం ఏమిటో ఎవరికీ అర్థం కాకపోవడమే అందుకు కారణం.

నాగపూర్‌లో ఎంబీఏ చదివింది. ఆఖరి ఏడు కంపెనీవాళ్లు కాలేజీకే వచ్చి ఎంచుకున్నారు. బిజినెస్ కన్సల్టింగ్ అని చెప్పింది. మా ఊరు అంకిసలో ఆ మాట అంతకు ముందు ఎవరూ విని ఉండరు.

"అంటే ఏం పని బిడ్డా?" అని వాళ్ల నాన్న లస్మయ్య అడిగాడు.

"వ్యాపారం చేసేటోళ్ల కాడికి పోయి, పని యాడ అడ్డం పడుతుందో చూసుడు. ఎట్ల సవరించుకోవాల్నో చెప్పుడు బాపు."

"సలహాలు చెప్పుడన్నట్టు. గవి మన బస్‌స్టాండు చాయ్ హోటల్ల ఫుకట్ల దొరుకుతయి గదనే! దానికి పుణె దాక పోవాల్నా?"

నాకూ ఒక సందేహం ఉండేది. దేవుడిచ్చిన తెలివితో ఒకరికి మంచి మాట చెప్పి దానికి పైసలు పుచ్చుకోవచ్చా? అదే అడిగాను. "పంతులు ముహూర్తం చెప్పి దక్షిణ తీసుకుంటలేడా అమ్మా?" అంది. "ఆయన పంచాంగం చూసి చెప్తడే" అన్నాను. "నేను దుకాణం చూసి చెప్త" అంది.

నవ్వేశాను కానీ, మా ఆయన నవ్వలేదు. ఆయన అసలు అభ్యంతరం వేరు. "తల నెరిసిన దుకాణం మాల్కు నీ అసొంటి చిన్నపిల్ల మాట ఇంటడా? ముంగట నిలబడి 'నీది తప్పు' అని ఎట్ల చెప్తవ్? అహేరిల టీచర్ నౌకరీ చూస్త. ఇజ్జతు ఉంటది" అన్నాడు. పుష్కరాలు అయ్యేలోగా వస్తావో రావో ఫోను చెయ్యమని కంపెనీవాళ్లు గడువు పెట్టారు. పుష్కరాలు కానీ, అప్పుడు చూద్దాం అన్నాడు మా ఆయన.

అది 2003, గోదావరి పుష్కరాల సంవత్సరం. అంకిస రేవులో అన్నదానం మా ఆయన పూనుకుని పెట్టించాడు. దాని వెనక ఒక మొక్కు ఉంది. అంతకు ముందు పుష్కరాలకు మాకు సొంత పొలం లేదు. ఆ ఏడు ఎవరో పుణ్యాత్ములు పెట్టిన బంతిలో కూర్చుని తిన్నాడట. ఒక ముసలాయన ఈయన విస్తట్లో నెయ్యి వేసి "ఏ ఊరు బిడ్డా?" అని అడిగాడట. ఆ మాటకే ఆయనకు కడుపు నిండిందట. మళ్లీ పుష్కరాలు వచ్చేనాటికి గంగమ్మ తనను నిలబెడితే ప్రతి విస్తట్లో తన చేత్తో నెయ్యి వేస్తానని నీళ్లలో నిలబడి మొక్కుకున్నాడు. గంగమ్మ నిలబెట్టింది. పొలం వచ్చింది, వరి వచ్చింది, ఊళ్లో మాటకు విలువ వచ్చింది.

అందుకని నెయ్యి చెంబు ఇంకెవరూ ముట్టడానికి లేదు. జనం వరసగా కూర్చునేవారు. అన్నం, పప్పు, వంకాయ కూర విస్తట్లో పడేవి. తర్వాత ఈయన చెంబు పట్టుకుని ఒక్కొక్కరి ముందు వంగి, నెయ్యి వేసి, ఏ ఊరని అడిగి, దండం పెట్టి ముందుకు జరిగేవాడు. చివరి విస్తరి దాకా వెళ్లి "గోవిందా" అంటేనే అందరూ చెయ్యి పెట్టాలి. చూడడానికి ఎంతో బాగుండేది. నాకు కళ్లు చెమర్చేవి.

ఒక మధ్యాహ్నం అన్నదానం కమిటీలోని ఆనందరావు ఆట పట్టించాడు. "లస్మయ్యా, నీ బిడ్డ ఎంబీఏ గదా! మన అన్నదానం ఎట్లున్నదో చెప్పుమనరాదు?"

మా ఆయన మీసం దువ్వుకున్నాడు. "చెప్పు బిడ్డా. గదేం పనో నేను గూడ చూస్త. నాకు సమజైతే పుణె తోలుత, పో!"

అందరూ మెచ్చుకోలు కోసమే చూస్తున్నారు. రెండు మంచి మాటలు చెబితే పుణె దారి తెరుచుకునేదే. సింధూజ మాత్రం, "ఒక్క దినం టైమియ్యి బాపు" అంది.

మర్నాడంతా కొంగు బిగించి తిరిగింది. వంటవాళ్ల దగ్గర కాసేపు, బంతి చివర కాసేపు నిలబడింది. మజ్జిగ పోసింది. మధ్యాహ్నం కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. రోడ్డు మీద పెర్మిలి వైపు వెళ్లే బస్సు దగ్గర ఉంది. ఆ పక్కకు అదొక్కటే బస్సు. చీకటి పడకముందే అడవి దాటాలని కండక్టరు ఎవరి కోసమూ ఆగడు. తడి జుట్టుతో ఆడవాళ్లు గబగబా ఎక్కుతున్నారు. వాళ్లలో లింగక్క ఉంది. మా అన్నదానానికి విస్తరాకులు కుట్టి, రోజు విడిచి రోజు మోపులు తెచ్చేది లింగక్క, వాళ్ల ఊరి ఆడవాళ్లే.

"తిన్నవా లింగక్కా?" అన్నాను.

"మల్ల వచ్చినప్పుడు తింటగని అక్కా" అని నవ్వి ఎక్కేసింది. బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే బంతిలో అన్నం వడ్డించి ఉంది, అందరూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. మా ఆయన ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు.

సింధూజ ఏం చెప్పబోతుందో అప్పుడు నాకు తెలిసిపోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను. "ఇప్పుడు చెప్పకు బిడ్డా. మంచిగున్నదని చెప్పి పుణె పో. గది బాపు మొక్కు."

"అమ్మా, ఇయ్యాల బాపుకు చెప్పలేకపోతే రేపు పరాయోళ్లకు ఏం చెప్త? ఇగ నాకా పనెందుకు?"

నలుగురిలో చెప్పలేదు. సాయంత్రం రేవు మెట్ల దగ్గరికి పిలిచింది. నేనూ పక్కనే ఉన్నాను.

"బాపు, బియ్యం తక్కువ లేవు. వండేటోళ్లు తక్కువ లేరు. జాగ గూడ మస్తున్నది. బంతి ఒక్క కాడనే ఆగుతుంది."

"యాడ?"

"నీ నెయ్యి చెంబు కాడ."

ఆయన ముఖం నల్లబడింది. "మొక్కునే అది!"

"ఎరుకే బాపు. గని పెర్మిలి దిక్కోళ్లు ఆకుల ముంగట కూసోని, తినకుండనే లేచి బస్సెక్కుతున్నరు. ఆకులు కుట్టినోళ్లే ఉపాసం పోతున్నరు."

"అబద్ధం. నా బంతిలకెల్లి ఆకలితోని ఎవ్వరు పోలే."

"బస్సు టైముకు ఒక్కపారి వచ్చి చూడు. అబద్ధమైతే టీచర్ నౌకరీ చేస్త."

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఇంట్లో నేను దీపం పెట్టి గంగమ్మను అడిగాను. తల్లీ, ఆయన మొక్కింది నీకు. అది నీకు అందుతున్నదా, ఆయన దగ్గరే ఆగుతున్నదా? దీపం దీపంలాగే వెలిగింది. జవాబు ఆయనే వెతుక్కోవాలి కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత మూడు రోజులు బంతి పాతలాగే నడిచింది. సింధూజ మళ్లీ ఆ ఊసెత్తలేదు. పుణెకు బట్టల పెట్టె కూడా సర్దలేదు. నాలుగో నాడు అన్నాలు వడ్డించాక మా ఆయన చెంబు ఎత్తలేదు. అందరూ చూస్తుండగా రోడ్డు మీదికి నడిచాడు. బస్సు హారన్ కొట్టింది. బంతిలోంచి కొందరు లేచి పరుగెత్తారు. అందరికంటే వెనక లింగక్క.

"తినకుండ పోతున్నవేందే?" అన్నాడు.

"పటేలా, నీ నెయ్యి మా కాడికి వచ్చేటాళ్లకు మేం పెర్మిలిల పొయ్యి రాజేస్తం" అంది లింగక్క. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆమె ఎగతాళికే అంది. ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. బస్సు వెళ్లిపోయింది.

తిరిగి వచ్చి చెంబును తన చెల్లెలి కొడుకు కిషన్ చేతికిచ్చాడు. "పో, పప్పులనే కలుపు. ఆకుల పడంగనే తినుమను." ఆ తర్వాత బిడ్డ వైపు తిరిగాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "మరి నేనేడ నిలబడాలె?"

"రోడ్డు మీద బాపు. బస్సు దిగంగనే ఏ ఊరని అడుగు. దూరపోళ్లను మొదటి బంతిల కూసుండబెట్టు. నువ్వు పిలిస్తే ఎవలు కాదనరు. ఆ పని కిషన్‌తోని కాదు."

తెల్లారి నుంచి ఆయన తలపాగా చుట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. ఏటపల్లి వాళ్లను, పెర్మిలి వాళ్లను పేరుపేరునా పిలిచి లోపలికి పంపాడు. మళ్లీ ఆకుల మోపు తెచ్చిన రోజున లింగక్క రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, మూతి తుడుచుకుంటూ తీరిగ్గా బస్సెక్కింది.

ఆనందరావు ఊరుకోలేదు. "ఏంది లస్మయ్యా, కమిటీ పెద్దవు! నిన్ను తీసుకపోయి రోడ్డు మీద నిలబెట్టిండ్రా?"

"నా బిడ్డ నిలబెట్టింది" అన్నాడు మా ఆయన, దారిన పోయేవాళ్లకు కూడా వినబడేలా. "గదే దాని నౌకరీ. రేపు పెద్ద పెద్ద కంపెనీల మాల్కులను గూడ గిట్లనే నిలబెడ్తది, చూడు."

పుష్కరాల ఆఖరి రోజున అందరూ తిని వెళ్లాక చివరి బంతిలో ఇంటివాళ్లం కూర్చున్నాం. కిషన్ నెయ్యి తెస్తుంటే మా ఆయన ఆపి చెంబు తీసుకున్నాడు. నేరుగా సింధూజ విస్తరి ముందుకు వచ్చి వంగి, ధారగా నెయ్యి వేశాడు.

"ఏ ఊరు బిడ్డా?"

సింధూజ తలెత్తి చూసింది. దాని కళ్లు నిండాయి. "అంకిస. లస్మయ్య బిడ్డను."

"ఏం పని చేస్తవ్?"

అది చెప్పబోయింది. ఆయనే అందుకున్నాడు. "నాకు సమజైంది తియ్యి. తిని, పోయి పుణెకు ఫోన్ చెయ్యి. ఎస్టీడీ బూతు బంద్ చేస్తడు మల్ల."

చెంబు కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, అందరికీ పెట్టినట్టే బిడ్డకూ దండం పెట్టాడు.