మా ఆయన ఎడమపక్క

మా ఆయన దర్జీ. కొలతలూ కత్తెరా ఆయనవి, కాజాలూ గుండీలూ నావి. కొట్లో ఆయన కుర్చీకి ఎడమపక్కన నా స్టూలు. పెళ్లయిన కొత్తలో వేసుకున్నాను, ఇప్పటికీ అక్కడే.

చొక్కా ముందుభాగం కత్తిరించాలంటే బట్ట మడతపెట్టి సగమే గీస్తాం. విప్పితే రెండు సగాలూ వస్తాయి. అందుకని ఆ రోజు ఆయన సుద్దతో సగం గీస్తే నాకేమీ అనిపించలేదు. కత్తిరించాక చేతిలోకి తీసుకుని చూద్దును గదా, బట్ట అసలు మడతే పెట్టలేదు! "కళ్లు నెత్తికెక్కాయా?" అని నోరు చేసుకున్నాను. ఆయన తలెత్తారు. గడ్డం కుడిపక్క మాత్రమే గీసుకుని ఉంది. పొద్దుటి హడావుడిలో నేను చూడనేలేదు. ఆసుపత్రికి చేరేసరికి ఎడమచెయ్యి కూడా వాలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మెదడు రెండు సగాలమ్మా. ఎడమ కాలూ చెయ్యీ కుడి సగం చూసుకుంటుంది. చుట్టూ ఏముందో కనిపెట్టుకుని ఉండే పని కూడా ఎక్కువగా దానిదే, రెండు పక్కలా చూస్తుంది. ఎడమ సగం కుడిపక్కని కనిపెడితే గొప్ప. రక్తం అందక ఈయనకి దెబ్బ తగిలింది కుడి సగానికి. కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమపక్క అనేది ఒకటుందనే ఆయనకి తట్టడం లేదు."

"మరి మాట?"

"మాటలు ఎక్కువగా ఎడమ సగం పని. దానికేం కాలేదు."

బాగుంది సంబడం! నోరున్న సగం నిక్షేపంగా ఉంది, నేనున్న సగమే పోయింది.

ఇంటికొచ్చాక కంచంలో కుడిపక్కది తినేసి, "ఇంతేనా పెట్టేది?" అని నామీద ఎగిరేవారు. నేను కంచం తిప్పేదాన్ని. "అదీ, అలా పెట్టు" అని మళ్లీ తినేవారు.

ఫిజియోథెరపీ అమ్మాయిది ఒకటే మాట. "ఎడమపక్కనే కూర్చుని మాట్లాడండమ్మా. ఆయనంతట ఆయన అటు తిరగాలి. అప్పుడే మళ్లీ పనిలో కూర్చోబెట్టడం గురించి ఆలోచిద్దాం."

మా అమ్మాయికి తండ్రంటే జాలి, పోయి కుడిపక్కనే కూర్చునేది. నేను మాత్రం మొండిగా ఎడమపక్కే. "ఏమండీ" అంటే ఆయన కుడికి తిరిగి, అక్కడున్న బీరువాకి జవాబు చెప్పేవారు. ఇన్నేళ్లు కాపురం చేసి చివరికి బీరువాకి సవతినయ్యాను! కోపమొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. కత్తెర పట్టకపోతే పోనీ, ఒక్కసారి నావైపు తిరిగి చూస్తే చాలు దేవుడా అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను అలాగే పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నాను. కుడిపక్కన అమ్మాయి ఆయనకి టీ తాగిస్తోంది.

"మీ అమ్మేదే?" అన్నారు.

"నీ పక్కనే ఉంది నాన్నా."

"ఎక్కడ? పొద్దున్నుంచీ చూడలేదు. నామీద అలిగిందేమో." ఒళ్లో చచ్చుబడి ఉన్న తన ఎడమచేతిని కుడిచేత్తో తడిమారు. "చెయ్యి మాత్రం ఇక్కడే వదిలేసి పోయింది. చూడు, ఎంత చల్లగా ఉందో. బతుకంతా సూదులు గుచ్చుకుంటూనే ఉంది పిచ్చిది. నొప్పా అని ఒక్కనాడైనా అడిగానా నేను?"

నా మొహాన ఎప్పుడూ అనని మాటలు. నాకు కళ్లముందు గుండీ కనబడలేదు. సూది పక్కన పెట్టి, నా రెండు చేతులూ మెల్లగా ఆయన కుడిచేతి కిందకి తోశాను.

ఆయన చెయ్యి ఆగింది. నా వేళ్లు నొక్కి చూశారు. మణికట్టు తడిమారు. చేతివెంట చూపు కూడా కదిలింది, మోచెయ్యి దాకా, భుజం దాకా. మెడ తిరిగింది. అమ్మాయి టీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. చివరికి ఆ చూపు నా మొహం దగ్గరికి వచ్చింది.

"ఇక్కడే ఉన్నావుటే!"

"ఎక్కడికి పోతానండీ నేను?" అన్నాను.

ఆయన ఒళ్లోకి చూసుకున్నారు. నా చేతులు రెండూ, పక్కన ఆ చల్లటి చెయ్యీ. చాలాసేపు చూశారు.

"నీకు మూడు చేతులేమిటే?"

"అందులో ఒకటి మీదండీ."

నమ్మబుద్ధి కాలేదు పాపం. దాన్ని ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూసి, తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"అయితే నీ దగ్గరే ఉంచు. నేనెక్కడో పారేసుకుంటాను."