మార్చని గొంతు

"నా పొట్ట మాత్రం కొట్టకు బంగారం," అని టైలరమ్మ తన కథ చెప్పేముందే బతిమాలుకుంది. ఎంతటివాళ్లనైనా ఆవిడ బంగారం అనే పిలుస్తుంది. ప్రొఫెసరమ్మ మాటిచ్చింది. జబ్బుల చుట్టూ అల్లుకునే చిన్నచూపు మీద పరిశోధన ఆమెది. అలవాటు ప్రకారం రాతలో పేరు మార్చింది, వీధి మార్చింది, వయసు పెంచింది. తీరా క్లాసులో, తను చదివితే ప్రాణం ఉండదని, ఫోనులో రికార్డు చేసిన గొంతే వినిపించింది.

"కుష్టు ఎప్పుడో తగ్గిపోయింది. ఈ రెండు వేళ్లే వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడ్డాయని చెప్పుకుంటా. నిజం చెబితే నేను కుట్టింది ఒంటి మీద వేసుకుంటారా బంగారం?"

వెనక బెంచీలో ఒకమ్మాయి ఉలిక్కిపడింది. "మేడం, ఈవిడ మా బంగారం ఆంటీ కదూ!"

"కాదు!" అంది ప్రొఫెసరమ్మ, అవసరమైనదానికన్నా గట్టిగా. దాంతో ఆ అమ్మాయికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

వారం తిరక్కుండానే విషయం వీధంతా పాకిందని తెలిసి ప్రొఫెసరమ్మ పరుగున వెళ్లేసరికి, కొట్టు గుమ్మంలో ఒకావిడ తన జాకెట్టును కొనవేళ్లతో సంచిలోకి జారవిడుస్తోంది.

"కాజాలు కుట్టేస్తే అయిపోతుంది వదినా," అంటోంది టైలరమ్మ.

"వద్దులే. పిన్నీసులు పెట్టుకుంటా."

ఆవిడ వెళ్లిపోయింది. అరల్లో గుడ్డపేలిక లేదు.

"తప్పయిపోయిందక్కా. ఇంటింటికీ వెళ్లి నేనే చెబుతాను, నయమైన జబ్బు అంటుకోదని."

"చెప్పండి మేడంగారూ. ఇంకా తెలియనివాళ్లు నలుగురున్నారు."

బంగారం కాస్తా మేడంగారైపోయింది. ప్రొఫెసరమ్మ వస్తూ కొన్న జాకెట్టు గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. "నాకు కుట్టు. నువ్వు కుట్టిందే వేసుకుని క్లాసుకు వెళతాను."

టైలరమ్మ కాసేపు ఆ గుడ్డవంక చూసింది. ఏమనుకుందో, టేపు తీసుకుని ఆమె వెనక నిలబడింది. భుజాలు కొలిచింది. మెడ దగ్గర టేపు సరిచేస్తుంటే వంకర వేళ్లు చర్మానికి తగిలాయి.

ప్రొఫెసరమ్మ మెడ వెంట్రుకవాసి ముందుకు జరిగింది. జరిగాక గానీ ఆమెకే తెలియలేదు.

వెనక చేతులు ఆగిపోయాయి. టైలరమ్మ టేపును మెల్లగా చుట్ట చుట్టి, గుడ్డను మడత నలగకుండా తెచ్చిన కవర్లోనే పెట్టి ఇచ్చింది.

"రెడీమేడ్ కొనుక్కోండి మేడంగారూ," అని కుట్టుమిషను మీద ముసుగు కప్పింది.