మేస్త్రి సాక్ష్యం

ఆ ఉదయం తాపీమేస్త్రి అద్దెగదిలో కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాడు. కుట్టుమిషను తొక్కుతున్న భార్య తలెత్తకుండానే, "కాలుగాలిన పిల్లిలా తిరక్కండి. గది అసలే అగ్గిపెట్టెంత," అంది.

ఊరి చివర పేదలకని ప్రభుత్వం తలపెట్టిన నాలుగంతస్తుల భవనాల్లో వీరికీ ఒక ఇల్లు కేటాయించారు. కాగితం చేతికొచ్చి ఆరేళ్లు. ఈలోగా స్తంభాలు బీటలిచ్చి పని ఆగిపోయింది. తప్పు కాంట్రాక్టరుదని గృహనిర్మాణ శాఖ, శాఖదేనని కాంట్రాక్టరు కోర్టుకెక్కారు. పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి: ఆ ఇళ్లలో ఉండాల్సిన నూట ఇరవై కుటుంబాల మాట ఆ దావాలో ఒక్కచోటా లేదు. వారిలో ఒకరైన రిటైర్డు టీచరమ్మ రెండేళ్లు తిరిగి తిరిగి, తమనూ దావాలో చేర్పించింది. నేడు వారి తరఫున సాక్షి మేస్త్రి.

"సిమెంటు తక్కువేశారని చెప్పి రావడమేగా. అంత కంగారెందుకు?" అంది భార్య.

"తక్కువేసింది నేనే."

మిషను ఆగింది.

"మూడు బస్తాల చోట రెండే కలపమన్నాడు కాంట్రాక్టరు మనిషి. ఇంజనీరు పక్కనే ఉండి అటు తిరిగాడు. కాదంటే మర్నాడు పని ఉండదు. అప్పటికి మనకి ఇల్లు రాలేదు. ఎవరో ఉంటారులే అనుకున్నా."

ఆమె కుడుతున్న గుడ్డను పక్కన పెట్టింది. "మన పిల్లని ఆ స్తంభాల కింద పడుకోబెట్టడం నా వల్ల కాదు. ఉన్నదున్నట్టు చెప్పేయండి," అంది.

బోనులో మేస్త్రి ఉన్నదున్నట్టే చెప్పాడు. కాంట్రాక్టరు వకీలు నవ్వాడు. "అయితే తప్పు నీదేనన్నమాట."

"నాది కూడానండి. తగ్గించమన్నవారిది, చూసి సంతకం పెట్టినవారిది, నోరు మూసుకున్న నాది."

జడ్జి స్తంభాలను పరీక్ష చేయించారు. రెండు భవనాలు పనికిరావని తేలింది. వాటిని కూల్చి, శాఖ, కాంట్రాక్టరు కలిసి మళ్లీ కట్టించాలనీ, ప్రతి దశలోనూ లబ్ధిదారుల సంఘం తనిఖీ చేయాలనీ తీర్పొచ్చింది.

కూల్చే రోజు కొందరు మేస్త్రి ముఖం చూడలేదు. "నిలబడ్డ ఇంటిని నోటితో పడగొట్టాడు," అన్నాడొక ఆటోడ్రైవరు. కాంట్రాక్టర్లెవరూ మేస్త్రిని పనికి పిలవడం లేదు. గది ఖాళీ చేయమని ఇంటాయన తొందరపెడుతున్నాడు.

టీచరమ్మ ముందుకొచ్చింది. "ఆయన పడగొట్టింది ఇంటిని కాదు నాయనా, మన మీద పడబోయే కప్పుని. కడుతున్నన్నాళ్లూ మనలో ఒక్కరమైనా వెళ్లి, ఏం కలుపుతున్నారని అడిగామా? ఊరికే ఇస్తున్నారుగా, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాం. ప్రభుత్వం కట్టే ఇల్లు దానం కాదు, మన హక్కు. హక్కుని కట్టేటప్పుడే కళ్లు తెరిచి చూసుకోవాలి. బీటలిచ్చాక కోర్టులో వెతుక్కుంటే, న్యాయం దొరుకుతుందేమోగాని పోయిన ఏళ్లు దొరకవు."