అరంగుళం

కత్తెర మాస్టారి కుడి రెక్క కింద ఒక మేకు దిగి ఉంది. ఆయన మాట అది. పొద్దున లేవగానే ఉండదు. గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, వంగి కోయడం మొదలుపెట్టాక, వెన్నుకీ రెక్క ఎముకకీ మధ్య ఎవరో మెల్లగా దిగ్గొడతారు. మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. ఏళ్ల తరబడి ఆ మేకుతోనే కాపురం చేశాడు. తైలాలు రాశాడు, పట్టీలు అంటించాడు, మాత్రలు మింగాడు. డాక్టరు అన్నీ చూసి, గుండెకీ ఎముకకీ ఢోకా లేదనీ, కండరమే అలసిపోయిందనీ తేల్చి, ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి వెళ్లమన్నాడు. మాస్టారు వెళ్లలేదు. అలసట కూడా ఒక జబ్బేనా?

కానీ ఈమధ్య నొప్పి పొడిచినప్పుడల్లా కత్తెర గీత దాటుతోంది. ఒక కోటు గుడ్డ పాడైంది. మిషను మీద కూర్చున్న బావమరిది దాన్ని మడిచి పక్కన పెట్టాడు. ఆ మడతే గుచ్చుకుంది. కొట్లో కుట్టేవాళ్లు ఎవరైనా ఉండొచ్చు. కత్తెర పట్టినవాడే మాస్టారు. అది చేజారితే తను ఎవరు?

ఆ ప్రశ్నకు భయపడే చివరికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. బయల్దేరుతుంటే భార్య ఒక పొట్లం చేతిలో పెట్టింది.

"మీ చొక్కాలన్నీ తైలం కంపు. ఇది తొడుక్కోండి."

"దర్జీ ఇంట్లో రెడీమేడా! నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మెడ తిరగట్లేదుగా. ఉన్నచోటే ఉంచండి."

తొడుక్కుని, ఇంటికి ఆనుకునే ఉన్న కొట్లో అద్దం ముందు నిలబడ్డాడు. కుడి భుజం మీద ముడత. కాలరు ఓ పక్కకి ఒరిగింది. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"చూశావా? రెండు భుజాలూ ఒక్కలా కోయడం చేతకాలేదు వెధవలకి! ఒరేయ్ బావమరిదీ, టేపు పట్రా."

బావమరిది చొక్కా విప్పించి కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"చొక్కా సరిగ్గానే ఉంది బావా."

"మరి?"

"మనిషే వంకర."

భార్య పగలబడి నవ్వింది. మాస్టారికి నవ్వు రాలేదు. తన చొక్కాలకి కుడి భుజం అరంగుళం దించి కోస్తున్న సంగతి అప్పుడు తట్టింది. ఎప్పట్నుంచో తెలీదు. తనకు తాను చెప్పుకున్నదీ లేదు. చెయ్యే గుట్టుగా ఆ పని చేసుకుపోయింది. ఒళ్లు వంగినకొద్దీ గుడ్డని సర్దుతూ వచ్చాడు. అద్దం ఇన్నేళ్లూ ఆయన పనితనాన్నే చూపించింది.

ఫిజియోథెరపీ ఆవిడ వీపంతా వేళ్లతో తడిమి చూసి, పని చేసే బల్ల గురించి అడిగింది.

"మా మావయ్యదమ్మా. పని నేర్పింది ఆయనే."

"పొట్టిగా ఉండేవారా?"

మాస్టారు తన భుజం దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. మావయ్య ఆయన భుజం దాకా వచ్చేవాడు, అంతే. బల్ల ఎత్తిస్తే మావయ్యని చిన్నచేసినట్టవుతుందని ఎన్నడూ అనుకోలేదు. అనుకోకుండానే వంగాడు.

"ఆ ఎత్తుకి వంగితే రెక్కని పట్టి ఉంచే కండరాలు రోజంతా సాగి సాగి బిగుసుకుపోతాయి. కాపడం హాయిగానే ఉంటుంది, కానీ రేపు మళ్లీ అదే బల్ల కదా? దాన్ని ఎత్తించండి. మధ్యమధ్య నిటారుగా నిలబడండి. కండరానికి బలం మనమే తెచ్చుకోవాలి. ఏదీ, రెక్కలు రెండూ దగ్గరికి తెండి. మధ్యలో నా వేలుంది, నొక్కండి."

"విరిగితే?"

"విరగ్గొట్టండి చూద్దాం."

విరగలేదు. ఎడమ రెక్క ఒక్కటే కదిలింది. కుడిది పిలుపు వినబడనట్టు ఊరుకుంది. ఆయన మళ్లీ పిలిచాడు. బద్ధకంగా, కొంచెం పలికింది.

ఆ సాయంత్రమే బావమరిది బల్ల కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టాడు. మాస్టారు రోజూ గోడకి వీపు ఆనించి రెక్కలు దగ్గరికి లాగేవాడు. "ఎగిరిపోతారేమో, తలుపు వెయ్యనా?" అనేది భార్య. మేకు ఒక్కసారిగా ఊడలేదు. వదులై, కొన్నాళ్లు మళ్లీ బిగిసి, మళ్లీ వదులైంది. కత్తెర గీత మీదికి వచ్చింది.

కొన్ని నెలలకు తనకో చొక్కా కోసుకున్నాడు.

"బావా, కుడిపక్క అరంగుళం మర్చిపోయావు."

"మర్చిపోలేదురా. ఈసారి చొక్కా కదలదు. నేనే దాని దగ్గరికి వెళ్తా."

కుట్టాక తొడుక్కున్నాడు. భుజం మీద ముడత పడింది, రెడీమేడు మీద పడినదానికంటే చిన్నది. దాన్ని సర్దలేదు. కత్తెర అందుకుని, ఎత్తు పెరిగిన బల్ల ముందు నిటారుగా నిలబడి, పరిచి ఉన్న కోటు గుడ్డ మీద మొదటి కోత వేశాడు.