తలకాడ ఉండే డాక్టర్

మా అఖిలకు పీజీ సీటొచ్చిందని తెల్వంగనే కొత్తకోటల మా గల్లీ గల్లీ అంతా మా ఇంట్ల వచ్చి పడ్డది. ఏం సీటే అనడిగితే, నా మనుమరాలు నవ్వుకుంట "మత్తు డాక్టర్ సీటు, అవ్వా" అన్నది.

"మత్తు డాక్టరేందే? అన్నేండ్లు ఎంబీబీఎస్ సదివింది మనుషుల్ని పండవెట్టనీకా?"

మా పిల్ల కాన్పుల డాక్టరయి ఈడనే దవాఖాన పెడతదని ఆడోళ్లందరికీ చెప్పుకున్నది నేనేనాయె. ఇగ నా మొకం ఏడ పెట్టుకోవాలె? "గీ సీటు ఇడిసిపెట్టు. వచ్చే రౌండ్ల కాన్పుల సీటు రావచ్చు" అన్న.

"రాకపోవచ్చు సుత. గిది కావాల్నంటే ఇయ్యాల సాయంత్రం లోపట పాలమూరు పోయి కాలేజీల చేరాలె. నేను ఆప్షన్లల్ల అన్నిటికంటే ముందుగాల పెట్టుకున్నదే గిది, అవ్వా."

కోరి పెట్టుకున్నదట! నా కొడుకు, అఖిల నాయన సీతారాములు మగ్గం గుంతల కెల్లి తల లేపి, "మా అమ్మ ఊ అంటెనే పోదువు బిడ్డా" అన్నడు.

కోపమైతే ఉన్నది గానీ, లోపట ఒకటే తొలుస్తాంది. గంతగనం ఏముంటదబ్బా గీ పనిల? "సూదిచ్చినంక ఆ డాక్టర్ ఏం జేస్తదే? పోయి చాయ్ తాగుతదా?"

"ఏడికీ పోదు. ఆపరేషన్ అయ్యేదాంక తలకాడనే ఉంటది. గుండె ఎట్ల కొట్టుకుంటాంది, ఊపిరి ఎట్లాడుతాంది, అంతా సూస్తనే ఉంటది. నీ గర్భసంచి ఆపరేషన్ యాదికున్నదా? నీకు నడుముకు సూదిచ్చిండ్రు గదా."

"ఎందుకు లేదు? నడుం కింద మొద్దువారింది గానీ తెలివి మంచిగనే ఉన్నది. కండ్లకు ఎదురుంగ పచ్చబట్ట అడ్డం కట్టిండ్రు. భయానికి పండ్లు పటపట కొట్టుకుంటుంటె ఒకామె నా భుజం మీద చెయ్యేసి ముచ్చట పెట్టింది. ఏం చీరలు నేస్తవు, అంచు ఎట్ల కలుపుతవు అని. ఆఖరి దాంక చెయ్యి తియ్యలె."

"ఎవరామె?"

"నర్సు గావొచ్చు."

"కాదవ్వా. ఆమెనే మత్తు డాక్టర్."

పానం కాపాడినోళ్లకు కొత్త పడుగు మీద నేసిన తొలి చీర పెట్టుడు మా ఇండ్లల్ల పద్ధతి. ఆ చీర తీస్కపోయి నన్ను కోసిన డాక్టరమ్మకు పెట్టొచ్చిన. బట్టకు అవుతల ఉన్న ఆమెను నేను సూడనన్న సూడలె. తలకాడ ఉన్న గీమెకు దండం సుత పెట్టలె, పేరు సుత అడగలె.

గప్పుడు పట్టుకున్నది నాకు అసలు ఫికర్. కాన్పుల డాక్టర్నైతే ఊరంతా మర్యాద జేస్తది, పుట్టిన పిల్లలకు ఆమె పేరు పెట్టుకుంటరు. మరి మా పిల్లను?

"నిన్నెవ్వరూ గుర్తుపట్టరు గదనే బిడ్డా! నువ్వు బతికిచ్చినోళ్లే నీ ముందల కెల్లి పోయి ఇంకోలకు దండం పెడతరు. నీకు బాధ గాదా?"

అఖిల నా పక్కన కూసున్నది. "ఎందుకు గాదవ్వా, ఐతది. గానీ నువ్వు చెప్పు. ఆ బల్ల మీద పండుకున్నప్పుడు నీకు ఎవరు కావాల్ననిపిచ్చింది?"

"ఇద్దరు గావాలె" అన్న. అన్న గానీ, గా గడియల నాకు తలకాడ ఉన్న ఆమె ఒక్కతే దిక్కు. కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు.

"సీతారాములూ, ఇంక మగ్గంల కూసున్నవేందిరా? బండి తియ్యి. పాలమూరు బస్సు పోతది."