సున్నపు గీత లోపల

డ్రోను చుట్టూ సున్నం పొడితో గుండ్రంగా గీత గీసి, శిక్షకుడు వసంతకుమార్ సార్ పొద్దున్నే ఒకే మాట మూడుసార్లు చెప్పాడు: "ఈ గీత లోపల మనిషి ఉండంగా రెక్కలు తిరగకూడదు. ఎవరైనా సరే." పత్తికొండ దగ్గరి ఆ హైస్కూలు పిల్లలు మూడుసార్లూ తలలూపారు. పదో తరగతి మహాదేవి మాత్రం నోటుబుక్కులో రాసుకుంది.

ఆమెకు అది ఆట కాదు. ఇరవై మందిలో ఒక్కరినే కర్నూలులో పదిహేను రోజుల శిక్షణకు పంపుతారు. పొలాలు కొలవడం, వరదలో చిక్కినవాళ్లను వెదకడం, దారి లేని ఊళ్లకు మందులు చేర్చడం, అన్నీ అక్కడ నేర్పుతారు. పొద్దున ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి పెట్టిన పరీక్షలో మహాదేవే మొదట వచ్చింది. సార్ కాగితం మీద ఆమె పేరే రాశాడు. వీపున మందు డబ్బా మోసి మోసి భుజాలు కాయలు కాసిన అమ్మకు ఆ మాట ఎప్పుడు చెబుతానా అని ఆమె కాలు నిలవడం లేదు.

మిగిలింది మధ్యాహ్నం వ్యవసాయ ఆఫీసరు ముందు చేసే ప్రదర్శన ఒక్కటే. బొజ్జన్న టమోటా చేనులో, ఈసారి నిజమైన పురుగుమందుతో. ట్యాంకు నింపి రిమోట్ ఆమె చేతిలో పెట్టారు.

మహాదేవి మీట తొయ్యలేదు. వంగి పిడికెడు దుమ్ము తీసి తలెత్తున వదిలింది. కళ్లంలో గింజలు తూర్పారబట్టే ముందు వాళ్లమ్మ చేసే పనే అది. దుమ్ము కింద పడలేదు. పక్కకు సాగి, గట్టు దాటి, బీబమ్మ మల్బరీ తోటలోకి పోయింది.

"వద్దు సార్. గాలి లేసింది."

వసంతకుమార్ ఫోను చూశాడు. "తక్కువే చూపిస్తా ఉంది. కానీమ్మా."

"అది కర్నూలు గాలి సార్. ఇది మా చేను గాలి."

పిల్లలు కిసుక్కుమన్నారు. సార్ ముఖం ఎర్రబడింది.

"ఏం పాపా, మిషనుకు సోది చెప్తాండావా?" అన్నాడు బొజ్జన్న. "నా కాయల్ని పురుగు తింటాంటే నువ్వు దుమ్ముతో ఆడుకుంటాండావు!"

"నీ కాయలకు రేపు తెల్లార్తోనే కొడ్తాం మామా. ఇప్పుడు కొడితే బీబమ్మవ్వ పట్టుపురుగులు ఒక్కటి మిగలదు."

బీబమ్మ షెడ్డులో పురుగులు నిన్ననే నాలుగో జ్వరం లేచాయి. పొర విడిచే నిద్రను ఊళ్లో జ్వరమంటారు. అది లేచిన పురుగు బుట్టలకు బుట్టలు ఆకు తింటుంది. మందు తుంపర పడిన ఆకు తిన్నదంటే గూడు కట్టక ముందే చస్తుంది.

"ఆఫీసరు వచ్చే టైమైంది. ఎగరేస్తావా, పేరు కొట్టేయమంటావా?" అన్నాడు సార్.

మహాదేవి మల్బరీ తోట వైపు చూసింది. అమ్మ భుజాలు కళ్లలో మెదిలాయి.

"కొట్టేయండి సార్."

ఆయన నిజంగానే పేరు మీద గీత పెట్టి, రిమోట్ లాక్కున్నాడు. మహాదేవి నడుచుకుంటూ పోయి, సున్నపు గీత దాటి, డ్రోను పక్కన మఠం వేసుకుని కూర్చుంది.

"లెయ్!"

"లెయ్యను. గీత లోపల మనిషుంటే రెక్కలు తిరగకూడదు. మూడుసార్లు చెప్పినారు. రాసుకున్నా."

"ఎంత మొండిదిరా సామీ! రెక్క పట్టి లాగుతా ఉండు!" బొజ్జన్న ముందుకొచ్చాడు.

అప్పటికే బీబమ్మ ఆకు కోసే కొడవలితోనే గట్టు దిగి వచ్చింది. "ఏమప్పా బొజ్జన్నా, ఆడబిడ్డను లాగుతావా? ముందు నన్ను లాగు." తనూ గీత దాటి కూలబడింది. "శానా ఎండగా ఉండాది, కొంచెం జరుగు బేటీ."

ఆఫీసరు వచ్చి, చూసి, పోయాడు. గాలి మాత్రం తగ్గలేదు. సార్ బూటు కొన సున్నం దాకా వచ్చింది, దాటలేదు. పొద్దు వాలే వేళకు ఆయన ఎవరూ చూడటం లేదనుకుని చిటికెడు దుమ్ము తీసి వదిలాడు. అది తిన్నగా మల్బరీ వైపే పోయింది. ఆయన వచ్చి డ్రోను బ్యాటరీ ఊడదీశాడు.

మరునాడు ఆరింటికే మహాదేవి చేను దగ్గరికొచ్చింది. కాగితం మీద ఆమె పేరు కొట్టేసే ఉంది.

"ఏమ్మా, గాలి ఎట్లుంది?" అందరి ముందే అడిగాడు సార్.

"కొట్టేసిన పేరును అడుగుతాండారా? మీ ఫోను యాడ పాయ సార్?"

మహాదేవి పిడికెడు దుమ్ము తీసి వదిలింది. అది నిట్టనిలువుగా ఆమె పాదాల మీదే పడింది.

"ఇప్పుడు ఇట్లియ్యండి," అని ఆమె రిమోట్ కోసం చెయ్యి చాపింది.